పెదవి దాటిన వీడియో

ఆ అమ్మాయిని ఇంట్లో చిలక అంటారు. ముక్కు చూసి పెట్టిన పేరు కాదు. మాటలొచ్చిన నాటినుంచీ ఎవరెలా మాట్లాడితే అలాగే తిరిగి అప్పజెప్పేది. మేనత్త ఫోనెత్తి "హలో" అనే ముందు విడిచే నిట్టూర్పు, పక్కింటాయన తాళం వేసి నాలుగడుగులు వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకోవడం, బాబాయి అబద్ధమాడేటప్పుడు చెవి తడుముకోవడం, అన్నీ అచ్చుగుద్దినట్టు దింపేది. ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వీ నవ్వీ, తమ వంతు రాకముందే లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

"దీని నోటికి సరిపడే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందే భగవంతుడా" అని వాళ్ళమ్మ దిగులుపడేది. చివరికి నోళ్ళతో పనే దొరికింది, కాకపోతే ఇతరుల నోళ్ళతో. చిలక పళ్ళ డాక్టరు చదువులో చేరింది.

చదువు ఆఖరి మెట్టుకొచ్చింది. పట్టా చేతికిచ్చే ముందు ఎవరైనా అనుభవమున్న డాక్టరు దగ్గర కొన్ని నెలలు పనిచేసి, ఆ డాక్టరు చేత "ఈ పిల్ల చేతికి నోళ్ళు అప్పగించవచ్చు" అనిపించుకుని రావాలని కాలేజీ నియమం. చిలక పెద్ద డాక్టరమ్మ క్లినిక్‌లో కుదిరింది. వీధిలోకి గాజు తలుపు, లోపల ఆరు కుర్చీల వెయిటింగ్ గది, దాని వెనక మందుల వాసన వేసే చల్లని గది, ఆ గదిలో రెండు వాలే కుర్చీలు, ఒక్కోదాని పైన ముఖం మీదికి వంగే దీపం. చేరిన రెండో రోజునుంచే పేషెంట్లు ఆమెను "చిన్న డాక్టరమ్మా" అని పిలిచారు. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు చిలక వెనక్కి తిరిగి చూసింది, ఎవర్నబ్బా పిలుస్తున్నారని.

పని బాగా చేసేది. చెయ్యి తేలిక. మత్తుసూది గుచ్చేటప్పుడు ఏవో కబుర్లు చెప్పి, సూది దిగిన సంగతి తెలియకుండా చేసేది. పెద్ద డాక్టరమ్మ ఎవరినీ ఎదురుగా మెచ్చుకునే మనిషి కాదు కాబట్టి, "ఊఁ" అనేది. ఆ "ఊఁ" కోసం చిలక రోజంతా ఎదురుచూసేది.

అంతా సవ్యంగా సాగుతుండగా, ఒక మధ్యాహ్నం పేషెంట్లు లేరు. పెద్ద డాక్టరమ్మ భోజనానికి ఇంటికెళ్ళింది. ఊరికే కూర్చోవడం చిలకకు పుట్టుకతో చేతకాదు. ఫోను అల్మరాకి ఆనించి నిలబెట్టింది, పేషెంటు కుర్చీలో వాలింది, బుగ్గలో దూది కుక్కుకుంది, మొదలుపెట్టింది.

ముందు లెక్కల మాస్టారు. ఆయన కట్టుడు పళ్ళు "స" అన్నా "శ" అన్నా టక్కుమంటాయి. తర్వాత బేకరీ ఆవిడ. తలుపు తియ్యగానే "నొప్పి పుడుతుందా?", కూర్చుంటూ "నొప్పి పుడుతుందా?", అంతా అయిపోయి లేచాక "ఇంతకీ నొప్పి పుట్టిందా?" తర్వాత ట్రావెల్స్ ఆయన. నోట్లో గొట్టం, అద్దం, రెండు చేతులూ ఉండగానే తన తోడల్లుడి ద్రోహం ఆమూలాగ్రం "ఆఁ ఊఁ ఓఁ" అనే మూడు శబ్దాలతో వినిపిస్తాడు. చివర, ఒక్క క్షణం, ఎదుటి కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి. నవ్వొస్తే తల పక్కకి తిప్పి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలతో మాత్రమే నవ్వుతుంది. అది చిలకకు ఎంత బాగా కుదిరిందంటే, తనకే ముచ్చటేసింది.

పేర్లు చెప్పలేదు. స్నేహితులు తప్ప వేరెవరూ చూడలేని తన ఖాతాలో పెట్టింది. క్లాసువాళ్ళంతా పళ్ళికిలించే బొమ్మలు పంపారు. అంతటితో పోయేదే. కాని ఆ స్నేహితుల్లో బాబాయి కూడా ఉన్నాడు. "సొంత బాబాయిని పరాయివాణ్ణి చేశావు" అని పండగ పూట ముఖం మాడ్చుకుని కూర్చుంటే, ఇంటి శాంతి కోసం ఎప్పుడో కలుపుకుంది.

బాబాయి ఆ వీడియో చూసి పొంగిపోయాడు. తన ఫోనులో దించుకున్నాడు. కుటుంబం గ్రూపులో వేశాడు. ఆఫీసు గ్రూపులో వేశాడు. పొద్దున్నే కలిసి నడిచేవాళ్ళ గ్రూపులో వేశాడు. కింద తన సొంత కవిత్వం జోడించాడు: "మా అన్నయ్య కూతురు! కాబోయే డాక్టర్! కళ్ళజోళ్ళ షాపు ఎదురు క్లినిక్‌లోనే ఉంటుంది. మీ పళ్ళ బాధలు నవ్వుతూ పోగొట్టుకోండి!"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ సామెత కట్టిన రోజుల్లో పృథివి దాటడానికి మాటకు కొన్నాళ్ళైనా పట్టేది.

మర్నాడు చిలక బస్సులో నిలబడి వెళ్తోంది. ముందు సీట్లో ఒకాయన ఫోను చూసుకుంటూ కుదుపులు లేకపోయినా నవ్వుతో ఊగిపోతున్నాడు. "నొప్పి పుడుతుందా?" అని ఫోనులోంచి వినిపించింది. ఎవరో గానీ భలే చేశారే అని చిలకకూ నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా ఆ గొంతు తనదేనని తెలిసింది. ఆయన వెనక్కి తిరిగి ఆమెనూ ఫోనునూ మార్చి మార్చి చూసే లోపల, చిలక దిగాల్సిన స్టాపుకు ముందే దిగేసి నడక మొదలుపెట్టింది.

నడుస్తూనే బాబాయికి ఫోను చేసింది.

"ఎందుకు పంపావు బాబాయ్ అందరికీ?"

"పంపక? దాచుకోవడానికి పెట్టావా, చూడ్డానికి పెట్టావా?"

"స్నేహితుల కోసం పెట్టాను."

"వాళ్ళూ నా స్నేహితులేగా తల్లీ! మా మేనేజరు రెండుసార్లు చూశాడు తెలుసా?"

తిట్టడానికి నోరు తెరిచింది గాని, తిట్టు దొరకలేదు. చూడ్డానికే పెట్టింది మరి.

క్లినిక్‌లో పెద్ద డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. వెనక్కి తిరగకుండానే అంది:

"చూశాను."

చిలక గుమ్మంలోనే ఆగిపోయింది.

"నవ్వాను. మళ్ళీ పెట్టుకుని చూశాను. అప్పుడూ నవ్వాను. అందుకే నీ మీద ఇంకా ఎక్కువ కోపంగా ఉంది."

"మేడమ్, నేను పేర్లు ఎవరివీ చెప్పలేదు..."

"మాస్టారి పళ్ళ చప్పుడుకి మళ్ళీ పేరెందుకే? అది వీధి చివరిదాకా వినిపిస్తుంది." తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. "ఇంట్లో పెళ్ళానికి చూపించని పళ్ళు మనకి చూపిస్తారు. మనం అవి తీసుకెళ్ళి వీధిలో పెడితే ఎలా?"

"ఇప్పుడే తీసేస్తాను."

"తియ్యి. నీ దగ్గర పోతుంది. మీ బాబాయి దగ్గర పోతుందా?"

పోదు. బాబాయి మేనేజరు దగ్గర అసలు పోదు. చిలక ఫోను తీసి వీడియో చెరిపేసింది. చెరిపేస్తున్నంతసేపూ, కుండలో నీళ్ళన్నీ కారిపోయాక మూత గట్టిగా బిగిస్తున్నట్టనిపించింది.

"కాలేజీకి రాస్తారా మేడమ్?"

"ఇంకా అనుకోలేదు. ఆ నలుగురూ ఈ వారంలోనే రావాలి. నువ్వు ముందు గదిలో కూర్చో. తలుపు నువ్వే తియ్యి, చెప్పేది నువ్వే చెప్పు. నా వెనకాల నక్కావంటే మాత్రం రాస్తాను."

మొట్టమొదట వచ్చింది మాస్టారే. గాజు తలుపు తోసుకుని వచ్చి, గొడుగుతో నేల మీద ఒక్కటి పొడిచాడు.

"నా వేషం కట్టింది నువ్వేనా?"

"క్షమించండి మాస్టారూ. చాలా తప్పు చేశాను."

"తప్పే! నూటికి నూరు పాళ్ళూ తప్పే! నాకు కదిలేది పై వరుస. నువ్వు కింది దవడ ఆడించావు. పళ్ళ చదువు చదివేదానివి, పై పళ్ళకీ కింది పళ్ళకీ తేడా తెలీకపోతే రేపు ఎవరి నోట్లో ఏం పీకుతావ్?"

చిలక బిక్కచచ్చిపోయింది. మాస్టారు వదల్లేదు. అక్కడే నిలబెట్టి, పై వరుస ఎలా జారుతుందో, దాన్ని నాలుకతో ఎలా పైకి నెట్టుకోవాలో చేసి చూపించాడు. ఆమె చేత చేయించాడు. రెండుసార్లు తప్పు దిద్దాడు. మూడోసారి "ఇప్పుడు పాసయ్యావ్" అన్నాడు.

తర్వాత లోపలికెళ్ళి కుర్చీలో వాలాడు గాని, దీపం వెయ్యబోతే చెయ్యడ్డం పెట్టాడు.

"మా మనవడు చూపించాడమ్మాయ్. నేనూ నవ్వాను. తర్వాత అద్దం ముందు నిలబడి 'సున్నా' అని చూసుకున్నాను. టక్కుమంది. ట్యూషన్ పిల్లలు సున్నా దగ్గర ఎందుకు నవ్వుతారో నాకిన్నాళ్ళూ తెలీదు. లెక్కలంటే ఇష్టం అనుకున్నాను. సరే. చప్పుడు రాకుండా బిగించు."

చిలక ఆ పూట ఆ పళ్ళ వరుసను బిగిసేదాకా సరిచేస్తూనే ఉంది. అరగదీసింది, పెట్టి చూసింది, మళ్ళీ తీసింది. ఆయన "సున్నా, సున్నా, శూన్యం, శేషం" అని క్లాసు పాఠంలా అంటుంటే చెవి ఒగ్గి విన్నది. ఒక్క టక్కు కూడా రాలేదు. మాస్టారు సంతోషంగానే వెళ్ళాడు. చిలకకు మాత్రం సున్నా చెవిలోంచి పోలేదు.

బేకరీ ఆవిడ వస్తూనే చిలక రెండు చేతులూ పట్టేసుకుంది. "ఏమైనా చెప్పు, ఎన్నాళ్ళైందో తెలుసా మా ఆయన నవ్వి! పిండి పిసుకుతూ నవ్వాడు, పెనం తీస్తూ నవ్వాడు. ఇప్పుడు నేనేం అడిగినా 'నొప్పి పుడుతుందా' అంటున్నాడు. ఇదిగో, ఇవాళ చేసేది... నొప్పి పుడుతుందా?"

అడిగాక తనే నాలుక్కరుచుకుంది.

ట్రావెల్స్ ఆయన మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. ఆయన బాధ వేరు. వీడియో తోడల్లుడి దాకా వెళ్ళింది. "వాడు ఫోన్ చేసి, 'నా గురించి ఊరంతా చెప్తున్నావంటగా' అని గొడవ. అందులో ఒక్క ముక్క కూడా అర్థం కాదు కదయ్యా అంటే, 'నాకు అర్థమైంది' అంటాడు! ఆఁ ఊఁ లోంచి ఏం అర్థమైంది వాడికి?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది" అంది పెద్ద డాక్టరమ్మ లోపల్నుంచి, ఆపుకోలేక.

అది విని ఆయనా నవ్వేశాడు. ఈ అన్నిటికన్నా విడ్డూరం టైలరు. ఆయన వీడియోలో లేనే లేడు. అదే ఆయన ఫిర్యాదు. "నేనూ ఏడాదిగా వస్తున్నాను. ముగ్గుర్ని చేశావు, నలుగుర్ని చేశావు, నాలో ఒక్క విశేషం కూడా కనబళ్ళేదా అమ్మా? అంత చప్పగా ఉంటానా?" చిలక ఎంత ఓదార్చినా లాభం లేకపోయింది. ఆయన అలకతోనే పన్ను పీకించుకుని వెళ్ళాడు.

రెండు రోజులు గడిచేసరికి చిలక మనసు తేలికపడింది. దానికి తోడు, వీడియో చూసి కొత్త పేషెంట్లు కూడా వచ్చారు. "ఆ నవ్వించే డాక్టరమ్మ ఎవరండీ?" అని అడుగుతూ లోపలికి తొంగిచూశారు. మనిషి బుద్ధి చిత్రమైనది. చెంపదెబ్బ తప్పిందని తెలియగానే మెడలో దండ పడుతుందేమోనని చూస్తుంది. చిలక కూడా లోలోపల, ఇదంతా ఒకందుకు మంచిదే అయిందేమో, మాస్టారికి పళ్ళు కుదిరాయి, బేకరీ ఇంట్లో నవ్వొచ్చింది, క్లినిక్‌కు గిరాకీ పెరిగింది అని కూడికలు మొదలుపెట్టింది.

కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి మాత్రం రాలేదు.

ఆమె అపాయింట్‌మెంటు వేళ అయింది, దాటింది. చిలక ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేస్తే, మోగకముందే ఆగింది. గాజు తలుపులోంచి చూస్తే ఎదుటి షాపు స్పష్టంగానే కనిపిస్తుంది. ఆ అమ్మాయి కౌంటరు వెనక నిలబడి ఎవరికో ఫ్రేములు చూపిస్తోంది. ముఖానికి మాస్కు ఉంది. షాపులో ఇంకెవరికీ లేదు.

ఆమెకు ముందు పళ్ళలో పన్ను మీద పన్ను ఉంది. చిన్నప్పుడే సరిచేయించాల్సింది, కుదరలేదు. ఎదుటే క్లినిక్ ఉన్నా, ఏడాదంతా చూసి చూసి, ఈ మధ్యే ధైర్యం చేసి క్లిప్పులు పెట్టించుకోవడానికి వచ్చింది. మొదటి రోజు నోరు తెరవడానికే చాలాసేపు పట్టింది. కబుర్లు చెప్పి తెరిపించింది చిలకే.

చిలక "ఇప్పుడే వస్తాను మేడమ్" అని రోడ్డు దాటింది. షాపులో ఇంకా ఇద్దరు ఉన్నారు. వాళ్ళ ముందు నోరు రాలేదు. కౌంటరు దగ్గరికెళ్ళి, "కళ్ళు చూపించుకోవాలి" అంది.

ఆ అమ్మాయి ఆమెను ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా లోపలి చీకటి గదిలోకి దారి చూపింది. కుర్చీలో కూర్చోబెట్టింది. గడ్డం ఒక బల్ల మీద ఆనించమంది. ముక్కు మీద బరువైన ఇనప చట్రం తగిలించింది. ఒక కంటికి మూత పెట్టింది. ఎదుటి గోడ మీద అక్షరాలు వెలిగాయి.

"పై వరుస చదవండి."

"ర. ఠ. నేను కళ్ళ కోసం రాలేదండీ."

"కింది వరుస."

"గ. వ. ప. మీకు క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాను."

"ఇంకా కింది వరుస."

చిలక కన్ను చిట్లించింది. "ద... ద... ద."

"మూడూ ద కాదు."

"అయితే ధ?"

"ఒకదాని పొట్టలో చుక్క ఉంది. ఒకదాని కింద ఒత్తు గీత ఉంది. ఊహించి చెప్పకండి, కనబడితేనే చెప్పండి."

కనబడటం లేదు. చిలకకు చెమట పట్టింది. తోటి మనుషుల ప్రతి కదలికా పట్టేసే కళ్ళు తనవి అనుకుంటుంటే, అవి గోడ మీది అక్షరం పొట్టలో చుక్క పట్టలేకపోతున్నాయి. ఆ అమ్మాయి చట్రంలో ఒక అద్దం జారవిడిచింది. అక్షరాలు చటుక్కున తేరుకుని నిలబడ్డాయి.

"ద, ధ, థ" అంది చిలక. తర్వాత, "మీరు ఎప్పుడూ మాస్కు పెట్టుకోరు" అంది.

ఆ అమ్మాయి మరో అద్దం తీసి తుడవడం మొదలుపెట్టింది.

"మీరు నన్ను చూసి నవ్వారని కాదండీ" అంది ఆ అమ్మాయి. "చిన్నప్పట్నుంచీ నవ్వేవాళ్ళున్నారు, నాకు అలవాటే. కానీ చెయ్యి తీసింది మీ దగ్గరొక్కచోటే. మీరేదో మీ బాబాయి కథ చెప్పారు, నవ్వొచ్చింది, చెయ్యి తీశాను. ఆ మర్నాడే అది ఫోన్లో చూశాను. ఫ్రేములు కొనడానికి వచ్చినావిడ చూపించింది. 'మీ ఎదురు క్లినిక్కేనంట, చూడండి, భలే ఉంది' అని. నేనేనని ఆవిడకి తెలీదు. నేనూ నవ్వాల్సొచ్చింది."

"ఎలా..." అని ఆగిపోయింది చిలక.

"అలాగే. చెయ్యడ్డం పెట్టుకుని."

చిలక చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయింది. దారిలో మంచి మాటలు పేర్చుకుంది. పేర్లు చెప్పలేదని, బాబాయి పంపాడని, చెరిపేశానని. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కెళ్ళాయి. ముక్కు మీద ఇనప చట్రంతో, ఒక కన్ను మూసుకుని, గడ్డం బల్ల మీద పెట్టుకుని ఏడవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. అద్దం మసకబారింది.

"కదలకండి" అంది ఆ అమ్మాయి. "కళ్ళలో నీళ్ళుంటే నంబరు తప్పొస్తుంది."

"నన్ను ఏం చెయ్యమంటారు?"

"ఏం లేదు. క్లిప్పులు పెట్టించుకుంటాను, సగంలో మానెయ్యను. కానీ పెద్ద డాక్టరమ్మ దగ్గర. మీరు గదిలో ఉండకూడదు."

"సరేనండీ."

"రెండో కన్ను."

రెండో కన్ను ఇంకా అధ్వాన్నంగా ఉంది. చిలక అద్దాలకు ఆర్డరిచ్చి, మారుమాట్లాడకుండా రోడ్డు దాటి వచ్చింది. జరిగింది జరిగినట్టు పెద్ద డాక్టరమ్మకు చెప్పింది. ఆమె విని, "ఊఁ" అంది. అది పాత "ఊఁ" కాదు, కోపమూ కాదు. కాలేజీకి రాస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత చిలక తన ఖాతా మూసెయ్యలేదు. మొదట మూసేద్దామనే అనుకుంది, రెండు రోజులు మూసింది కూడా. కాని నోట్లో నాలుకను కట్టేసుకుని బతకలేదు కదా. మళ్ళీ తెరిచి, ఇంట్లోవాళ్ళ వేషాలే, అదీ వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి అడిగి, వాళ్ళు చూసి సరేనన్నాకే పెట్టడం మొదలుపెట్టింది. ఇందులో ఉన్న చిక్కు వెంటనే అర్థమైంది. మేనత్త తన నిట్టూర్పు అంత పొడుగు ఉండదని సగానికి కోయించింది. అమ్మ "నా గొంతు అలా ఉండదు" అని అచ్చం ఆ గొంతుతోనే అంది. బాబాయి మాత్రం తనను చేస్తానంటే ఎగిరి గంతేశాడు గాని, చెవి తడుముకోవడం తీసేసి, దాని బదులు తను ఆఫీసులో ప్రసంగించే ఘట్టం పెట్టమన్నాడు. ఆ వీడియో ఎవరూ చూడలేదు. మేనేజరు కూడా చూడలేదు. క్లినిక్ సంగతులు మాత్రం ఆమె ఎక్కడా ఎత్తలేదు. టైలరు వచ్చి మరీ బతిమాలినా సరే. "సంతకం పెట్టిస్తాను, కావాలంటే ఇద్దరు సాక్షుల్ని తెస్తాను" అన్నాడు. చిలక ఆయన్ను నోరు పుక్కిలించుకోమంది.

కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి చెప్పినట్టే వచ్చేది. ఆమె రాగానే చిలక లేచి వెనక గదికి పోయి, పనిముట్లు కడుగుతూ కూర్చునేది. లోపల పెద్ద డాక్టరమ్మ పని చేస్తుంటే మాట వినిపించేది కాదు. ఆమె మంచి డాక్టరే గాని, కబుర్లు చెప్పదు. క్లిప్పుల తీగ బిగించేటప్పుడు ఎదుటివాళ్ళ మూలుగు మాత్రం వినిపిస్తుంది.

చిలక శిక్షణ ముగియవస్తున్న రోజుల్లో ఒకనాడు, పెద్ద డాక్టరమ్మ ఒక మొండి జ్ఞానదంతంతో కుస్తీ పడుతోంది. ఎంతకీ వదలడం లేదు. వెయిటింగ్ గదిలో కళ్ళజోళ్ళ అమ్మాయి గడియారం చూసుకుంటోంది. షాపు తెరిచే వేళైంది. కాసేపటికి లేచింది. వెళ్ళిపోతుందనుకుంది చిలక. ఆమె వెనక గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"తీగ మార్చడం మీకొచ్చా?"

"వచ్చు."

"అయితే రండి. నాకు టైమ్ లేదు."

చిలక గ్లవ్స్ వేసుకుంటే రెండు వేళ్ళు ఒకేదాంట్లో దూరాయి. మళ్ళీ తీసి వేసుకుంది. పక్క కుర్చీ వాల్చింది, దీపం సరిచేసింది, కొత్త కళ్ళద్దాలు పైకి తోసుకుంది, పని మొదలుపెట్టింది. పాత తీగ విప్పింది. కొత్తది వంచింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఊపిరి కూడా చప్పుడు లేకుండా తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఇంతసేపు నోరు మూసుకోవడం చిలకకు ఇదే మొదలు.

కుర్చీలోని అమ్మాయి చెయ్యెత్తి, ఆగమన్నట్టు ఊపింది. చిలక గతుక్కుమని చేతులు వెనక్కి తీసుకుంది.

"నొప్పిగా ఉందా?"

"కాదు" అంది ఆ అమ్మాయి, నోట్లో దూదితోనే. "మీరిలా గమ్మునుంటే భయమేస్తోంది. ఏదో ఒకటి మాట్లాడండి."

చిలక తీగ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అయితే మొన్న నేను ఇంటర్వ్యూకెళ్ళిన సంగతి చెప్పనా? కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయి, డాక్టరుగారనుకుని వాళ్ళ వాచ్‌మన్‌కి నా చదువంతా చెప్పేశాను."

"ఆఁ?" అంది ఆ అమ్మాయి.

"ఆయన అంతా విని, 'చాలా బాగుందమ్మా, లోపల కూడా ఇలాగే చెప్పు' అన్నారు. మీరు కొంచెం ఎడమవైపు తిరగండి, చెప్తాను."